ఫ్లాష్ వెలిగినప్పుడు గాలి లెక్క ఎందుకు ఆగిపోతుంది?

వైర్‌లెస్ డైవ్ కంప్యూటరుకూ, నీటి అడుగున వాడే కెమెరా ఫ్లాష్‌కూ మధ్య తగువు ఏమిటి?

అండమాన్ దీవుల్లోని స్వరాజ్ ద్వీప్ దగ్గర గానీ, విశాఖపట్నం ఋషికొండ తీరంలో గానీ స్కూబా డైవింగ్‌కు దిగేవారిలో కెమెరా పట్టుకెళ్లేవారు ఇప్పుడు చాలామంది. పగడపు దిబ్బలను సర్వే చేసే శాస్త్రవేత్తలకైతే కెమెరా పనిముట్టే. మణికట్టుకు ఒక డైవ్ కంప్యూటరు, రెండు చేతుల్లో కెమెరా, దానికి అటూ ఇటూ చేతుల్లా చాచుకున్న రెండు ఫ్లాష్‌లు. ఈ సరంజామాతో నీళ్లలోకి దిగినవారు కొన్నిసార్లు ఒక వింత గమనిస్తారు. నాలుగైదు ఫొటోలు వరుసగా తీసి మణికట్టు వైపు చూస్తే, సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపాల్సిన చోట అంకెలకు బదులు అడ్డగీతలు కనిపిస్తాయి.

సిలిండరు ఖాళీ కాలేదు. కంప్యూటరు పాడవలేదు. ఫొటోలు తీయడం ఆపితే కాసేపటికి అంకె తిరిగి వస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? అంకె లేని ఆ కాసేపూ డైవర్ ఏమనుకోవాలి? మొదటి ప్రశ్నకు జవాబు ఉప్పునీటి భౌతికశాస్త్రంలో ఉంది. రెండో ప్రశ్నకు జవాబు కోసం సముద్రం వదిలి ఖరగ్‌పూర్ లాంటి రైల్వే పట్టణానికి వెళ్లాలి.

మణికట్టు మీది మీటరు

డైవ్ కంప్యూటరు ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. మొదటిది లోతునూ కాలాన్నీ కొలవడం. లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరిగి, పీల్చే గాలిలోని నత్రజని శరీర కణజాలంలో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే ఆ నత్రజని బుడగలుగా మారి కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చిపెడుతుంది. దీన్ని తప్పించడానికి ఎంత లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టికలను బాయ్‌కాట్, డామంట్, హాల్డేన్ అనే ముగ్గురు 1908లో ప్రచురించారు. పట్టిక చూసి చేసే ఆ లెక్కను 1980ల నుంచి చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అప్పటికప్పుడు చేయసాగింది.

రెండో పని సిలిండర్‌లోని గాలి పీడనాన్ని చూపడం. ఒకప్పుడు దీనికి సిలిండర్ నుంచి రబ్బరు గొట్టం, దాని చివర ముల్లు ఉన్న గుండ్రటి మీటరు ఉండేవి. ఇప్పటికీ ఎక్కువమంది వాడేది అదే. 1990ల నుంచి గొట్టం లేని పద్ధతి వచ్చింది. సిలిండర్ కవాటానికి బిగించే రెగ్యులేటర్ మొదటి భాగంలో, బొటనవేలంత ట్రాన్స్‌మిటర్‌ను అమరుస్తారు. అది కొన్ని సెకన్లకోసారి పీడనం ఎంతో చిన్న సంకేతంగా పంపుతుంది. మణికట్టు మీది కంప్యూటరు దాన్ని అందుకుని అంకెగా చూపుతుంది.

ఫ్లాష్ వల్ల చెడేది ఈ రెండో పని ఒక్కటే. లోతును కొలిచే సెన్సారు కంప్యూటరు లోపలే ఉంటుంది. దానికి ఎవరి సంకేతమూ అక్కర్లేదు. గాలి అంకె మాయమైనా లోతు, గడిచిన కాలం కనిపిస్తూనే ఉంటాయి.

ఉప్పునీటిలో రేడియో ఎందుకు ఈదలేదు?

ఇయర్‌ఫోన్లకు బ్లూటూత్ ఉన్నట్టే డైవ్ కంప్యూటరుకూ బ్లూటూత్ పెడితే సరిపోదా? సరిపోదు. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. విద్యుదయస్కాంత తరంగం అందులోకి ప్రవేశించగానే నీటిలోని అయాన్లు కదిలి, తరంగం శక్తిని వేడిగా మార్చేస్తాయి. ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే ఈ నష్టం అంత ఎక్కువ.

తరంగం బలం మొదట ఉన్నదానిలో సుమారు 37 శాతానికి పడిపోయే దూరాన్ని శాస్త్రవేత్తలు ఒక కొలతగా వాడతారు. బ్లూటూత్, వైఫైలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సముద్రపు నీటిలో ఈ దూరం దాదాపు 1 సెంటీమీటరు మాత్రమే. ఫ్రీక్వెన్సీని 38 కిలోహెర్ట్జ్‌కు దించితే అది సుమారు 1.3 మీటర్లు అవుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.8 మీటర్లు.

నౌకాదళాలు జలాంతర్గాములకు కబురు పంపడానికి అతి తక్కువ ఫ్రీక్వెన్సీలనే ఎంచుకోవడానికి కారణం ఇదే. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ తరంగాలు నీటిలో పది ఇరవై మీటర్ల లోతు దాకా చేరగలవు. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం ఇలాంటిదే. రెండో కేంద్రానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అక్కడ ఎత్తయిన స్తంభాలతో, భారీ విద్యుత్తుతో జరిగే పనికీ డైవర్ సిలిండర్ మీది బొటనవేలంత పరికరం చేసే పనికీ పోలికే లేదు. అయినా ఉప్పునీరు రెండింటికీ పెట్టే షరతు ఒక్కటే. లోపలికి రావాలంటే ఫ్రీక్వెన్సీ తగ్గించుకోవాలి.

అందుకే వైర్‌లెస్ డైవ్ పరికరాల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం 38 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కొన్ని పాత రకాలు ఇంకా తక్కువలో పనిచేసేవి.

ఇది ప్రసారం కాదు, గుసగుస

38 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో దాదాపు 8 కిలోమీటర్లు. అంత పొడవైన తరంగాన్ని సమర్థంగా వెదజల్లాలంటే అందుకు తగ్గ భారీ యాంటెన్నా కావాలి. బొటనవేలంత పరికరంలో అది కుదరదు. నిజానికి ఇక్కడ తరంగాన్ని దూరంగా పంపే ప్రయత్నమే లేదు. ట్రాన్స్‌మిటర్‌లో ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు అటూ ఇటూ ఊగినప్పుడు చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కంప్యూటరులోని మరో తీగచుట్టలో ఆ క్షేత్రం చాలా చిన్న వోల్టేజిని ప్రేరేపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టల మధ్య జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఈ రెండు చుట్టల మధ్య ఇనుప గర్భం లేదు, మూరెడు దూరం ఉంది.

ఈ అయస్కాంత క్షేత్రానికి రెండు గుణాలున్నాయి. మొదటిది, దూరం పెరిగితే అది చాలా వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే బలం సగం కాదు, నాలుగో వంతు కూడా కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. రెండోది దిశ. రెండు తీగచుట్టలు ఒకదానికొకటి అనువుగా ఉంటే సంకేతం బాగా అందుతుంది. చుట్టల అక్షాలు పొసగని కోణంలో నిలిస్తే దగ్గరున్నా అందకపోవచ్చు. మణికట్టు తిప్పగానే అంకె పోవడం, మళ్లీ తిప్పగానే రావడం ఇందువల్లే.

సంకేతం ఇంత బలహీనమైనది కావడం ఒక విధంగా మేలు. పక్కన ఈదుతున్న డైవర్ సిలిండర్ సంకేతం మన కంప్యూటరుకు సులువుగా అందదు. అందినా, ప్రతి ట్రాన్స్‌మిటర్‌కూ ఉండే సొంత గుర్తింపు సంఖ్య వల్ల కంప్యూటరు దాన్ని పట్టించుకోదు. కానీ గుసగుసగా మాట్లాడేవారికి ఉండే ఇబ్బంది దీనికీ ఉంది. పక్కనే ఎవరైనా గట్టిగా అరిస్తే ఏమీ వినిపించదు.

ఫ్లాష్ లోపల జరిగేది

సముద్రంలో కొన్ని మీటర్లు దిగేసరికే ఎరుపు రంగు కాంతిని నీరు చాలావరకు మింగేస్తుంది. ఎర్రటి పగడం బూడిద రంగులో కనిపిస్తుంది. అసలు రంగు ఫొటోలో రావాలంటే కాంతిని వెంట తీసుకెళ్లాలి. ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లూయీ బుటాన్ 1893లో దక్షిణ ఫ్రాన్స్ తీరంలో నీటి అడుగున ఫొటోలు తీసిన రోజుల్లో మెగ్నీషియం మండించి వెలుగు పుట్టించే ప్రయత్నాలు జరిగాయి. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్ ఫ్లాష్‌ను అభివృద్ధి చేశాడు. 1950లలో ఆయన జాక్ కుస్తో బృందంతో కలిసి దాన్ని సముద్రం లోతుల్లోకి తీసుకెళ్లాడు. నేటి డైవర్లు స్ట్రోబ్ అని పిలిచే ఫ్లాష్ ఆ వంశానిదే.

ఒక మామూలు స్ట్రోబ్‌లో నాలుగు పెన్సిల్ బ్యాటరీలుంటాయి. రీచార్జ్ చేసే రకమైతే నాలుగూ కలిసి 4.8 వోల్టులు. జినాన్ వాయువు నిండిన గొట్టం వెలగాలంటే 300 వోల్టులకు పైగా కావాలి. అందుకని లోపలి సర్క్యూట్ బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు, ఒక్కోసారి పదుల వేలసార్లు ఆపుతూ వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, వోల్టేజిని పెంచి, కెపాసిటర్‌లో నింపుతుంది. పాతకాలపు ఫ్లాష్‌లు ఫొటో తీయగానే సన్నగా కీచుమనేవి. ఆ చప్పుడు ఈ సర్క్యూట్‌దే.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 330 వోల్టుల దాకా నింపితే అందులో సుమారు 54 జౌళ్ల శక్తి ఉంటుంది. రెండు సెకన్లలో నిండాలంటే సగటున 27 వాట్ల సామర్థ్యం కావాలి. 4.8 వోల్టుల బ్యాటరీ నుంచి అంత రావాలంటే కరెంటు ఐదున్నర ఆంపియర్లు దాటుతుంది. నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువే. ఇంతటి కరెంటు పదుల కిలోహెర్ట్జ్ వేగంతో ఆగుతూ సాగుతూ ఉంటే చుట్టూ బలమైన అయస్కాంత రొద పుడుతుంది. అది సరిగ్గా మన ట్రాన్స్‌మిటర్ గుసగుసలాడే ఫ్రీక్వెన్సీల పరిసరాల్లోనే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. అంకెను ఆపేది ఫ్లాష్ వెలుగు అనుకుంటారు. వెలుగు ఉండేది సెకనులో వెయ్యో వంతో, కొన్ని వేల వంతులో. ఆ క్షణంలోనూ పెద్ద విద్యుత్ తాకిడి ఉంటుంది గానీ, అది ఒక సంకేతాన్ని చెడగొడితే మరుసటిది అందుతుంది. ఎక్కువసేపు అడ్డుపడేది ఆ తర్వాత రెండు మూడు సెకన్లపాటు సాగే చార్జింగ్. ఫొటో తర్వాత ఫొటో తీస్తూ పోతే చార్జింగ్ దాదాపు నిరంతరం సాగుతుంది. కొన్ని సెకన్లకోసారి వచ్చే సంకేతాలు వరుసగా దానిలో మునిగిపోతాయి.

ఇందుకే, కెమెరాకూ స్ట్రోబ్‌కూ మధ్య విద్యుత్ తీగకు బదులు కాంతి తంతువు వాడినా ఈ సమస్య తీరదు. కాంతి తంతువు చేరవేసేది వెలగమనే ఆదేశాన్ని మాత్రమే. చార్జింగ్ సర్క్యూట్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. కొన్ని వీడియో లైట్ల సర్క్యూట్లు, డైవర్‌ను లాక్కెళ్లే నీటి స్కూటర్ల మోటార్లు కూడా ఇలాంటి రొదే పుట్టిస్తాయి.

చేతులు చాచితే ఏమవుతుంది?

ఫొటో తీసే డైవర్ భంగిమను ఊహించుకోండి. ట్రాన్స్‌మిటర్ వీపు వెనక, మెడ దగ్గర ఉంది. కెమెరా కోసం చేతులు ముందుకు చాచడంతో మణికట్టు దానికి 70 సెంటీమీటర్లు దూరమైందనుకుందాం. స్ట్రోబ్ మణికట్టుకు 30 సెంటీమీటర్లలో ఉంది. రెండూ సమాన బలంతో క్షేత్రాన్ని పుట్టిస్తున్నాయనుకున్నా, ఘనపు నియమం ప్రకారం మణికట్టు దగ్గర స్ట్రోబ్ రొద ట్రాన్స్‌మిటర్ సంకేతం కన్నా 12 రెట్లకు పైగా ఉంటుంది. అదే స్ట్రోబ్‌ను 60 సెంటీమీటర్ల దూరానికి జరిపితే రొద ఎనిమిదో వంతుకు దిగుతుంది.

ఈ నియమాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మీడియం వేవ్ అందే చిన్న రేడియోను ఏ కేంద్రమూ లేని చోట ఉంచి, పనిచేస్తున్న మొబైల్ చార్జర్ దగ్గరికి గానీ ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి గానీ తీసుకెళ్లండి. బుర్రుమనే రొద వినిపిస్తుంది. జానెడు దూరం జరపగానే అది ఎంత తగ్గుతుందో గమనించండి. తర్వాత రేడియోను ఉన్నచోటే పక్కకు తిప్పండి. ఒక దిశలో రొద హెచ్చుతుంది, మరో దిశలో తగ్గుతుంది. రేడియో లోపలి ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన తీగ అయస్కాంత క్షేత్రాన్నే పట్టుకుంటుంది కాబట్టి, డైవ్ కంప్యూటరు పడే అవస్థ అంతా ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

పట్టాలు నేర్పే పాఠం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో అక్కడికి వలసవెళ్లి తరతరాలుగా స్థిరపడ్డాయి. ఝపటాపూర్ లాంటి పేటల్లో ఉండేవారికి రైళ్లు, సిగ్నళ్లు నిత్యజీవితంలో భాగం. ఆ సిగ్నళ్ల ఇంజనీర్లు కూడా బలహీనమైన సంకేతం, బలమైన రొద అనే చిక్కునే ఎదుర్కోవలసి వచ్చింది.

ఒక పట్టాల ముక్క మీద రైలు ఉందో లేదో తెలుసుకోవడానికి ట్రాక్ సర్క్యూట్ వాడతారు. ఒక చివర నుంచి పట్టాల గుండా చిన్న కరెంటు పంపితే, మరో చివర ఉన్న రిలే దాన్ని అందుకుని నిలబడుతుంది. రైలు వస్తే ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందక అది పడిపోతుంది. సిగ్నల్ ఎర్రబడుతుంది.

25 కిలోవోల్టుల విద్యుత్ రైళ్లు నడిచే మార్గంలో ఇంజను వాడుకున్న 50 హెర్ట్జ్ కరెంటు తిరిగి వెళ్లేదీ అవే పట్టాల గుండా. ట్రాక్ సర్క్యూట్ కూడా 50 హెర్ట్జ్‌తోనే పనిచేస్తే ఇంజను కరెంటును తన సంకేతంగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకే అలాంటి చోట డైరెక్ట్ కరెంటునో, వేరే ఫ్రీక్వెన్సీనో వాడతారు. రొద ఉన్న చోటు వదిలి సంకేతాన్ని పక్కకు జరపడం మొదటి పాఠం.

రెండోది ఇంకా ముఖ్యం. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోయి సిగ్నల్ ఎర్రబడుతుంది. అంటే సమాచారం అందకపోవడాన్ని వ్యవస్థ ‘దారి ఖాళీగానే ఉండి ఉంటుంది’ అని అనుకోదు. ప్రమాదం ఉన్నట్టే భావిస్తుంది. దారి ఖాళీ అనడానికి ప్రతి క్షణం కొత్త సాక్ష్యం కావాలి.

డైవర్ మనసు సహజంగా దీనికి విరుద్ధంగా నడుస్తుంది. ఇందాక 120 బార్ చూశాం కదా, ఇప్పుడూ దాదాపు అంతే ఉంటుందిలే అనుకుంటుంది. ఎదురుగా అరుదైన చేప ఉంటే మరీను. పైగా చాలా కంప్యూటర్లు కొత్త సంకేతం రాకపోయినా కొంతసేపు పాత అంకెనే చూపి, ఆ తర్వాతే గీతలు గానీ హెచ్చరిక గానీ చూపుతాయి. చెడిపోయిన సంకేతాన్ని కంప్యూటరు తప్పు అంకెగా మార్చదు, తిరస్కరిస్తుంది. కాబట్టి భయపడాల్సింది తప్పు అంకెకు కాదు, పాతబడిన అంకెకు.

ఎంతసేపు అంకె లేకపోతే ప్రమాదం?

మన దేశంలో డైవింగ్‌కు ఎక్కువగా వాడే సిలిండర్ పరిమాణం సుమారు 11 లీటర్లు, నింపే పీడనం 200 బార్. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 18 మీటర్ల లోతులో పీడనం 2.8 రెట్లు ఉంటుంది కాబట్టి, 56 లీటర్లకు సమానమైన గాలి వాడతాడు. సిలిండర్‌లో నిమిషానికి 5 బార్ తగ్గుతుంది. 30 మీటర్లలో ఇది 7 బార్ దాటుతుంది.

ఒకటిన్నర నిమిషం అంకె ఆగితే 18 మీటర్లలో తేడా 8 బార్ లోపే. కంగారు పడనక్కర్లేదు. ఫొటోల ధ్యాసలో ఐదు నిమిషాలు గడిస్తే తేడా 25 బార్, 30 మీటర్లలోనైతే 36 బార్. నీటి పైకి వచ్చేసరికి సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉండాలన్నది డైవర్ల సాధారణ నియమం. ఐదు నిమిషాల పాత అంకెను నమ్మితే ఆ రక్షణలో సగానికి పైగా కరిగిపోవచ్చు. ప్రవాహానికి ఎదురీదుతూనో, కంగారుగానో ఉంటే పీల్చే గాలి రెట్టింపు కావడం కష్టమేమీ కాదు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

ట్రాన్స్‌మిటర్ ఏ భుజం వైపు ఉంటే కంప్యూటరును ఆ చేతికే కట్టుకోవాలి. స్ట్రోబ్‌లను వీలైనంత వరకు మణికట్టుకు దూరంగా, మీటరు దాకా జరపాలి. ఒక్క స్ట్రోబే వాడుతుంటే దాన్ని కంప్యూటరు లేని వైపు అమర్చాలి. పది ఫొటోలు తీశాక కెమెరాను దించి, మణికట్టును ఛాతీ దగ్గరికి తెచ్చి, కొత్త అంకె వచ్చేదాకా కొన్ని సెకన్లు ఆగాలి. చార్జింగ్ అప్పటికి పూర్తయి ఉంటుంది, ట్రాన్స్‌మిటరూ దగ్గరవుతుంది.

నీళ్లలోకి దిగేముందు ఒడ్డునే పరీక్షించుకోవచ్చు. సిలిండర్ తెరిచి, కంప్యూటరుకు అంకె అందాక, స్ట్రోబ్‌ను రకరకాల దూరాల్లో ఉంచి రెండు మూడుసార్లు వెలిగించి చూడాలి. మూరెడు దూరాల్లో 38 కిలోహెర్ట్జ్ క్షేత్రాన్ని ఉప్పునీరు పెద్దగా తగ్గించదు కాబట్టి, ఒడ్డు మీది ఫలితం నీటిలోనూ దాదాపు వర్తిస్తుంది. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ బలహీనపడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. దాన్ని ముందే మార్చుకోవాలి.

అయస్కాంత క్షేత్రానికి బదులు అల్ట్రాసౌండ్ వాడే పరికరాలు కూడా వచ్చాయి. ధ్వని సముద్రంలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో, ఎంతో దూరం ప్రయాణిస్తుంది. వాటి సంకేతం పది మీటర్ల దాకా అందుతుంది. ఫ్లాష్‌ల అయస్కాంత రొద ధ్వనిని ఏమీ చేయలేదు. అయితే మధ్యలో శరీరమో, సిలిండరో, గాలి బుడగల తెరో అడ్డొస్తే ధ్వనీ ఆగిపోవచ్చు. ఏ పద్ధతికి ఉండే లోటు దానికి ఉంది.

అందుకే అనుభవం ఉన్న డైవర్లలో చాలామంది వైర్‌లెస్ కంప్యూటరు ఉన్నా, గొట్టంతో కూడిన పాత ముల్లు మీటరును కూడా ఉంచుకుంటారు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ లేదు, ఏ ఫ్లాష్ రొదా వినిపించదు. రెండు మీటర్లూ లేకుండా పోయిన పరిస్థితిలో, లేదా అంకె ఎంతకీ తిరిగి రాని పరిస్థితిలో చేయవలసింది ఒక్కటే. పడిపోయిన రిలేను చూసిన సిగ్నల్ లాగా ఎర్రదీపం వెలిగిందనుకోవాలి. తోటి డైవర్‌కు సైగ చేసి, ఫొటోలు ఆపి, నియమం ప్రకారం నెమ్మదిగా పైకి రావాలి.